గాలి సోకిన బురద



పెంటకుప్పను తిరుగవేసి గాలి తగులనిచ్చినచో ఎరువు త్వరగా చివుకును. మురుగు విషయమున ఈ సూత్రమునకు శాస్త్రరూపము 1914లో మాంచెస్టరున లభించినది. ఆర్డర్న్, లాకెట్ అను ఇరువురు రసాయనవేత్తలు మురుగునీటిలోనికి గాలి ఊది, అడుగున పేరిన మడ్డిని పాఱబోయక, దానిపైననే క్రొత్త మురుగును మరల మరల నింపగా, తొలుత 5 వారములు పట్టిన శుద్ధి తుదకు 24 గంటలలో ముగిసెను. పాఱవేయదగినదే పనిముట్టైనది!

గాలిలో ప్రాణవాయువు ఐదవవంతు మాత్రమే. తక్కినదానిని ఊదుట వృథాశ్రమ. అందుచే తరువాతివారు శుద్ధ ప్రాణవాయువునే బురదలోనికి పంపిరి. సూక్ష్మజీవులు మడ్డిని ఆరగించునపుడు పుట్టు వేడిమి, మూసిన తొట్టిలో నిలిచి 50 డిగ్రీలను దాటి, రోగక్రిములను చంపును. గాలి చొరని తొట్టిలో ఇంచుమించు మాసము పట్టు జీర్ణక్రియ కొలది దినములలో ముగియును. అయినను విద్యుద్వ్యయ మధికము. పైగా ఆ నిదానపు తొట్టి ప్రతిఫలముగా నొసగు మీథేను ఇచట దక్కదు. ధనిక నగరములకే తగిన త్వర యిది యని నా తలంపు.

వరంగల్లు నగరము వేఱుదారి పట్టినది. సెప్టిక్ ట్యాంకుల మడ్డిని తోడి తరలించుటకు ఆ నగరపాలక సంస్థ 2016లో నియమములు చేసి, 2017లో శుద్ధికేంద్రమును నెలకొల్పెను. అందలి యొక పద్ధతి బురదను ఎండబెట్టి, ప్రాణవాయువు చాలని కొలిమిలో బొగ్గుగా మార్చుట.