పాలు పోసొచ్చినాక ప్రార్థన

బండి ఎక్కి కూర్చోండి. వెనక సీటు మంచుకు తడిసి ఉంటుంది, తువ్వాలుతో ఒకసారి తుడుచుకోండి. అయ్యగారి సంచి మీ ఒళ్ళోనే. అందులో బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, మడతపెట్టిన తెల్లంగీ, రొట్టె ముక్కల డబ్బా, ద్రాక్షరసం సీసా ఉన్నాయి. సీసా మూత కొంచెం వదులు. నిలువుగా పట్టుకోండి.

జనవరి నెల, ఆదివారం, తెల్లవారి అయిదున్నర. పలమనేరు రెండు వేల అడుగులకు పైన ఉన్న ఊరు. చిత్తూరులో ఉత్త చొక్కాతో బస్సెక్కినవాళ్ళు మొగిలి ఘాటు దాటి ఇక్కడ దిగేసరికి చెవులకు గుడ్డ చుట్టుకుంటారు. నీలగిరులకు దారి పడకముందు మద్రాసు దొరలు ఎండాకాలం తలదాచుకోవడానికి వచ్చింది ఇక్కడికే. ఆ చలువ ఏమిటో మీ మోకాళ్ళకు ఇప్పుడు తెలుస్తూ ఉంటుంది.

అయ్యగారికి నేను పేరు పెట్టడం లేదు. పలమనేరు, గంగవరం, బైరెడ్డిపల్లె, పెద్దపంజాణి వైపు ఊళ్ళు తిరిగే పాస్టర్లలో ఎవరినైనా ఈ బండి మీద కూర్చోబెట్టుకోవచ్చు. ఈయన సీఎస్ఐ మనిషి. కడప వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు, ఇంకో రెండు మూడేళ్ళకు మళ్ళీ సామాను కట్టాలి. టౌను చర్చి ఒకటి, దాని కింద పల్లెల్లో చిన్న సంఘాలు కొన్ని. అన్నిటికీ ఆదివారం ఒక్కటే.

మొదటి ఊరు వచ్చింది. ఆరాధన ఆరున్నరకని గోడ మీద నీలిరంగుతో రాసి ఉంది. ఆరున్నరకు లోపల ఉన్నది మీరు, అయ్యగారు, పరిచిన చాపలు. జనమంతా పాలకేంద్రం దగ్గర క్యాన్లతో వరసలో ఉన్నారు. వెన్న శాతం చూసే మిషను ముందు ఒకావిడ గొడవపడుతోంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఆవు మారలేదు, మేత మారలేదు, అంకె ఎట్లా మారిందని. అయ్యగారు చర్చి గుమ్మంలో నిలబడి ఆ గొడవ తెగేదాకా చూస్తాడు. గంట కొట్టడు. వచ్చిన కొత్తలో కొట్టేవాడట. పాలు పోసొచ్చినాకే ప్రార్థన అని నేర్పింది సంఘపెద్ద కాదు, పాలబండి డ్రైవరు.

ఏడుకు పద్నాలుగు మంది వచ్చారు. వాళ్ళలో మగవాళ్ళు ముగ్గురే. ఇంకో నాలుగు కుటుంబాలు రాలేదేమని మీరు అడగబోతారు. ముందు వరసలో అవ్వ అడగకుండానే చెబుతుంది: "వాళ్ళ పురుగు నాలుగో జ్వరం లేచింది అయ్యగారూ. ఇంగ వారం దాకా రారు." పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకోసం: పురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మాని కదలకుండా పడుకుని చర్మం వదులుతుంది. ఆ పడకను ఇక్కడ జ్వరం అంటారు. నాలుగోసారి లేచిందంటే గూడు కట్టేదాకా రేయీ పగలూ ఆకు నములుతూనే ఉంటుంది. ఆ వారం ఆ ఇంట్లో పెళ్ళిళ్ళకు పోరు, చావులకు పోవడమూ కష్టమే. అయ్యగారు తలూపి ఆ నాలుగిళ్ళ పేర్లు ప్రార్థనలో చేర్చాడు. పురుగు బాగుండాలని కూడా చేర్చాడు. దేవదూతలు దీన్ని ఎట్లా నమోదు చేసుకుంటారో తెలీదు గానీ, వెనక వరస "ఆమేన్" మాత్రం ఆ వాక్యానికే గట్టిగా వచ్చింది.

ప్రసంగం పది నిమిషాలు. మీరు ఇంకా కావాలనుకుంటారేమో. బయట టమాటా క్రేట్లు ఎక్కించే ట్రాక్టరు హారను కొట్టింది. అయిపోయింది.

టౌనుకు తిరిగొచ్చే దారిలో హైవే పక్క టీ బంకు. అక్కడ ఇంకో పాస్టరు నిలబడి ఉన్నాడు, స్వతంత్ర సంఘం ఆయనది. వారంలో ఆరు రోజులు ఇళ్ళకు గచ్చు పూస్తాడు, ఏడో రోజు రేకుల షెడ్డులో వాక్యం చెబుతాడు. గోళ్ళలో సిమెంటు ఇంకా ఉంది. రాష్ట్ర ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవవేతనమని 2021లో చెప్పినప్పుడు కాగితాలు మోసినవాళ్ళలో ఈయనా ఒకడు. జీతమున్న అయ్యగారు, జీతం లేని అయ్యగారు ఒకే గ్లాసును రెండుగా పోసుకుని తాగుతారు. సిద్ధాంతాల దగ్గర వీళ్ళకు పడదు. బాప్తిస్మం ఎప్పుడివ్వాలి, ఎన్ని నీళ్ళలో ఇవ్వాలి అనే దగ్గర మొదలైతే టీ చల్లారిపోతుంది. అందుకని రోడ్ల గురించి మాట్లాడుకుంటారు.

తొమ్మిదిన్నరకు టౌను చర్చి. ఇవాళ పంట పండుగ. లోపలికి వెళ్ళేముందు ఒక్క నిమిషం ఆవరణలో ఆగండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు ఉత్తర ఆర్కాటులో ఉండేది. అమెరికా రిఫార్మ్డ్ చర్చి తరఫున స్కడర్ అన్నదమ్ములు ముగ్గురు 1853లో మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్‌కు పలమనేరు ఒక స్టేషను. పాస్టర్లకు చదువు చెప్పే వేదాంత పాఠశాల కొంతకాలం ఇక్కడే నడిచింది. 1860లో మద్రాసులో ఓడ దిగిన జేకబ్ చేంబర్లేన్ అనే వైద్యుడు పలమనేరులోనే తెలుగుకు నాలుక తిప్పుకున్నాడు, 1863లో మదనపల్లెకు వెళ్ళి స్టేషను పెట్టాడు, తర్వాత తెలుగు బైబిలు సవరణ సంఘానికి చాలా ఏళ్ళు అధ్యక్షుడిగా ఉన్నాడు. అదే 1863లో నిజాం రాజ్యం మీదుగా గోదావరి అడవుల దాకా 1,200 మైళ్ళు తిరిగొచ్చి, ఆ పులుల కథలు అమెరికాలో పుస్తకంగా వేశాడు. కథలు బాగుంటాయి. వాటిలో గుర్రమెక్కిన దొర ఎప్పుడూ ముందుంటాడు, వెంట వెళ్ళిన దేశీయ ఉపదేశులు వెనకుంటారు. దొర వెళ్ళిపోయాక పల్లెలో మిగిలి, వాన కారే గుడిసెలో అక్షరాలు నేర్పింది ఆ ఉపదేశులే. మన అయ్యగారు చేసే పని చేంబర్లేన్ పని కంటే వాళ్ళ పనికే దగ్గర.

లోపల వాసన మారిపోయి ఉంది. బలిపీఠం ముందు చెరకు గెడలు నిలబెట్టి తోరణం కట్టారు. గుమ్మడికాయలు, అరటి గెల, రాగుల మూటలు, చెనిక్కాయలు, సంచిలో పట్టుగూళ్ళు, కాళ్ళు కట్టేసిన నాటుకోడి. కీబోర్డు అబ్బాయి మొదటి కీర్తన ఎత్తుకోగానే కోడి కూడా అందుకుంది. ఎవరూ నవ్వరు, ఏటా ఉండేదే. ఒక బెంచీలో తమిళం గుసగుస, దాని వెనక కన్నడం. మూడు రాష్ట్రాలు కలిసే మూల ఇది. పాట దగ్గరికొచ్చేసరికి అందరూ తెలుగే.

ఆరాధన అయ్యాక వేలంపాట. రిటైరైన టీచరొకాయన, సంఘపెద్ద, కుర్చీ మీదికి ఎక్కాడు. ఏడాదంతా నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఇప్పుడు గొంతు చూడండి. "గుమ్మడికాయ! రెండొందలు! రెండొందలు ఒకటోసారి! ఏందబ్బా, గుమ్మడికాయంటే లెక్కలేదా?" మూడొందల యాభైకి పోయింది. కొన్నాయన దాన్ని ఇంటికి తీసుకుపోడు, మళ్ళీ బల్ల మీద పెట్టేస్తాడు. అదే కాయ రెండోసారి పాటకొచ్చి ఇంకో రెండొందలు తెచ్చింది. టమాటా క్రేటు ఎత్తగానే చర్చి అంతా నవ్వింది, మార్కెట్ యార్డులో ఆ వారం ధరేమిటో అందరికీ తెలుసు. తెచ్చిన రైతే అందరికంటే ముందు నవ్వాడు. "యార్డు కంటే ఈడే మేలబ్బా, కమీషను లేదు!"

అప్పుడొక మనిషి వెనకనుంచి వచ్చి బల్ల మీద చెరకు గెడ ఒకటి పెట్టాడు. గెడ కూడా కాదు, మొదలు సగం. పైకొస నలిగి పీచు తేలింది. అడవి అంచున ఉన్న ఊరాయనది. "ఏనుగులు మిగిలించింది ఇదే అయ్యగారూ. రాసుకోండి." టీచరు కుర్చీ మీద ఒక క్షణం తడబడ్డాడు. పాట ఎంత నుంచి మొదలుపెట్టాలో ఆయనకు తోచలేదు. అయ్యగారే వెయ్యి అన్నాడు. ఆయన జీతమెంతో తెలిసినవాళ్ళు తలలు తిప్పి చూశారు. వెంటనే ఆడవాళ్ళ వైపు నుంచి పన్నెండొందలు, కీబోర్డు దగ్గరి కుర్రాళ్ళు కూడబలుక్కుని పదిహేను. పాట ముగిసేసరికి ఆ పీచు గెడ ఆ పూట అన్నిటికంటే ఎక్కువ ధర పలికింది. గెడ తెచ్చినాయన లెక్క వినకుండానే బయటికెళ్ళి బీడీ ముట్టించుకున్నాడు.

జనం తగ్గాక వెస్ట్రీలో బల్ల దగ్గర కూర్చున్న అయ్యగారి ముందుకు భార్యాభర్తలు వచ్చారు, పద్దెనిమిదేళ్ళ కొడుకుతో. పిల్లోడికి బాప్తిస్మం కావాలి. సంతోషమే. భర్త గొంతు తగ్గించాడు: "పుస్తకంలో మాత్రం రాయొద్దండి అయ్యగారూ. కాలేజీలో సర్టిఫికెట్టు అడుగుతా ఉండారు."

ఇది పలమనేరుకు మాత్రమే ఉన్న ముడి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే ఇచ్చారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. మతం మారిన ఎస్సీలను మన రాష్ట్రం బీసీ-సీలో లెక్కేస్తుంది, దాని వాటా ఒక్క శాతం. 2025లో గుంటూరు వైపు ఒక పాస్టరు తనను కులం పేరుతో దూషించారని పెట్టిన కేసులో, క్రైస్తవం తీసుకున్నవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని హైకోర్టు చెప్పింది. ఊళ్ళో కులం మాత్రం ఈ ఉత్తర్వులేవీ చదవలేదు. ఆదివారం ఎక్కడికి వెళ్ళినా సోమవారం అదే వీధి, అదే పిలుపు. ఇక్కడ మోసం చేస్తున్నది ఆ తండ్రి అనే మాట నా నోట రాదు.

అయ్యగారి చేతిలో పెన్ను ఉంది, రిజిస్టరు తెరిచే ఉంది. రాయకుండా బాప్తిస్మం ఇవ్వడానికి సంఘం నియమం ఒప్పుకోదు. రాస్తే పిల్లోడి సీటు. ఆయన పెన్ను మూత పెట్టి అబ్బాయి వైపు తిరిగాడు. "నువ్వేమంటావు నాయినా?" అబ్బాయి నేల చూపులు చూస్తూ "నాకు కావాలండి" అన్నాడు. ఏది కావాలో చెప్పలేదు. "ఈస్టరు దాకా వాక్యం నేర్చుకో. ప్రతి శనివారం రా" అన్నాడు అయ్యగారు. జవాబు కాదది, గడువు. మీరు ఆ గదిలో ఉండి కూడా ఏమీ అనలేకపోతారు.

మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి, పాటలో ఎవరో కొని అమ్మగారి చేతిలో పెట్టిన ఆ కోడి పులుసు. అరగంట నడుం వాల్చి మూడున్నరకు మళ్ళీ బండి.

ఈసారి దారి కౌండిన్య అభయారణ్యం వైపు. ఉదయం చెరకు తెచ్చినాయన ఊరే. ఇక్కడ కుటుంబ ప్రార్థన ఒకప్పుడు రాత్రి ఎనిమిదికి, భోజనాలయ్యాక. ఇప్పుడు నాలుగున్నరకు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చి ఉండిపోయాయి. అవి పొలాల్లోకి దిగేది చీకటి పడ్డాకే. వాటిని తరమడానికి 2025 మే నెలలో కర్ణాటక శిక్షణ పొందిన నాలుగు కుంకీ ఏనుగులనిచ్చింది, ముసలిమడుగులో వాటికి క్యాంపు కట్టారు. కుంకీల మీద ఈ వాకిట్లో అభిప్రాయాలు రెండు. ముసలాయనది: "ఉండే ఏనుగులకు తోడు ఇంగో నాలుగా?" కోడలిది: "నువ్వు ఊరుకో మామా."

వాకిట్లో మంచాలు వేశారు. బర్రె పక్కన మీకు కుర్చీ. రెండు కీర్తనలు, ఒక కీర్తన మధ్యలో దూరాన టపాకాయ పేలింది. అందరూ పాట ఆపకుండానే ఆ దిక్కు చూశారు. ఫోను మోగింది: గుంపు చెరువు అవతల ఉంది. అయ్యగారు తెచ్చుకున్న వాక్యం కీర్తనల గ్రంథం నుంచి, పొడుగైంది. రెండు వచనాల దగ్గర ఆపి పుస్తకం మూశాడు. ముసలాయన మంచం మీద నుంచి: "మా ఊర్లో ఏనుగు ఉండేదాకా ప్రసంగం పొడుగు కాదబ్బా. దేవుడు మంచోడు." పగలబడి నవ్వారు, అయ్యగారితో సహా. ఆ నవ్వులోనే ఆశీర్వాదం చెప్పేసి, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి, బండి దగ్గరికి.

వెళ్ళబోతుంటే ఆ కోడలు చీటీ ఒకటి అందించింది. ముసలాయనకు రాయవేలూరు ఆసుపత్రిలో రేపు చూపించాలి. కొడుకు బెంగళూరులో పనికి పోయాడు, సెలవు దొరకలేదు. అక్కడ కౌంటర్ల దగ్గర తమిళం, ఇంగ్లీషు. చెప్పేవాళ్ళు తోడు ఉంటే బాగుంటుంది. 1853 అన్నదమ్ముల కుటుంబంలోనే పుట్టిన ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. ఇక్కడి క్రైస్తవులకేమిటి, ఊరందరికీ పెద్ద జబ్బంటే రాయవేలూరే. అయ్యగారు ఎన్నో సోమవారాలు దాని వరండాల్లో గడిపాడు.

ఇంటికి చేరేసరికి ఏడున్నర. అమ్మగారు వంటింటి గట్టు మీద వేలం లెక్కలు పరుచుకుని కూర్చుంది. గుమ్మడికాయ రెండోసారి పాడినాయన ఇంకా కట్టలేదు, టమాటా డబ్బులొస్తే ఇస్తానన్నాడట.

"ఆ ధరకు ఎప్పుడొస్తాయి?" అన్నాడు అయ్యగారు, బూట్లు విప్పుతూ.

"వచ్చినప్పుడే రాసుకుంటాలే. చెరకు డబ్బు మాత్రం మీరు పాడిన వెయ్యి లెక్కలోకి రాదు, వాళ్ళు పైకి పాడేశారు కదా. బతికిపోయినారు. రేపు సెలవే కదా, చర్చి రేకులు చూసేదానికి మేస్త్రీ వస్తానన్నాడు."

"మేస్త్రీకి మంగళవారం చెప్పు. నాలుగున్నర బస్సుకు రాయవేలూరు పోవాల."