పుణె నుంచి వచ్చి ఢిల్లీకి పోయిన టీమ్

మా ఇంట్లో తలుపు వెనక మేకుకి ఒక పసుపు జెర్సీ వేలాడుతూ ఉంటుంది. హైదరాబాద్ ఎఫ్‌సీది. అమ్మ ఇప్పటికి మూడుసార్లు అడిగింది: "ఆ టీమే లేదంటివి గదరా, ఇంకా దీన్నెందుకు పెట్టుకున్నవ్? బండి తుడిచే బట్టకన్నా పనికొస్తది."

2025 అక్టోబర్‌లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని మారిపోయింది. ఓడిపోతే వచ్చే ఏడు చూసుకుందాం అనుకోవచ్చు. టీమే ఊరు వదిలిపోతే అభిమాని ఏమనుకోవాలి? ఈ ప్రశ్న తేల్చుకుందామని కూర్చుంటే లెక్క 2019 దగ్గర ఆగలేదు. డెబ్భై ఏళ్లు వెనక్కి పోవాల్సి వచ్చింది.

*

మాది లాల్‌దర్వాజ. నా దోస్తుది బర్కస్. మా గల్లీలో క్రికెట్ తప్ప ఇంకో మాట వినపడదు. బర్కస్ సంగతి వేరు. నిజాంల కాలంలో యెమెన్ వైపు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల బ్యారక్సే జనం నోట్లో నలిగి బర్కస్ అయింది. అక్కడి మైదానంలో ఇప్పటికీ సాయంత్రమైతే ఫుట్‌బాలే. నాకు ఈ పిచ్చి అంటించింది ఆ దోస్తే.

2019 ఆగస్టులో మన ఊరికి ఐఎస్‌ఎల్ టీమ్ వస్తోందని తెలిసినరోజు వాడు ఫోన్ చేసి, "అప్నా టీమ్ ఆగయా మియా!" అని అరిచాడు. మొదటి మ్యాచ్ కోల్‌కతాలో, ఏటీకే మీద. 5-0తో ఓడిపోయాం. కొత్త టీమ్ గదా అని సర్దుకున్నాం. నవంబర్ 2న గచ్చిబౌలిలో మొదటి హోమ్ మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్‌తో. బహదూర్‌పురా, అత్తాపూర్, మెహదీపట్నం, టోలీచౌకి మీదుగా బైక్ మీద పోయినం. పాతబస్తీ నుంచి గచ్చిబౌలికి పోవడమంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయినట్టే ఉంటుంది. కేరళ ముందు గోల్ కొట్టింది. పెనాల్టీతో సమం చేశాం. చివర్లో మార్సెలిన్యో ఫ్రీకిక్ వలలో పడ్డప్పుడు పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని వాటేసుకున్నాను. 2-1.

ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి గెలిచినవి రెండే. 10 జట్లలో పదో స్థానం.

తర్వాత రెండు సీజన్లు కోవిడ్ వల్ల గోవాలోనే జరిగాయి. మా టీమ్ బాగుపడింది సరిగ్గా మేం చూడలేని ఆ రోజుల్లోనే. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. మొదటి ఏడు ఐదో స్థానం. రెండో ఏడు, 2022 మార్చి 20న, ఫటోర్డాలో ఫైనల్. మళ్లీ కేరళే. మన జెర్సీ కూడా పసుపే కాబట్టి కేరళ వాళ్లు తమ పసుపు వదిలి నల్ల జెర్సీలో ఆడాల్సి వచ్చింది. బర్కస్‌లో దోస్తు వాళ్లింట్లో టీవీ ముందు పదిహేను మందిమి కూర్చున్నం. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన షాట్‌తో 1-1 అయింది. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. కప్పు మనది!

మేం గంతులేస్తుంటే దోస్తు వాళ్ల దాదా మంచం మీద నుంచే అడిగాడు: "ఇస్ మే హైదరాబాద్ కా లడ్కా కౌన్ హై?" ఇందులో హైదరాబాద్ పిల్లగాడు ఎవరు?

మేం లెక్కపెట్టడం మొదలుపెట్టినం. కట్టిమణి గోవా. ఓగ్బెచే నైజీరియా. కెప్టెన్ జావో విక్టర్ బ్రెజిల్. ఆకాశ్ మిశ్రా ఉత్తరప్రదేశ్. చింగ్లెన్‌సనా మణిపూర్. లెక్కపెడుతూ పెడుతూ దోస్తు చెయ్యి కిందికి దించేశాడు. "హమారే జమానే మే సబ్ మొహల్లే కే లడ్కే థే," అన్నాడు దాదా. మా కాలంలో అందరూ మన వాడకట్టు పిల్లలే అని. ఆ రాత్రి నాకు ఆ మాట ముసలాయన సణుగుడులాగే వినిపించింది.

*

మరుసటి సీజన్‌కి టీమ్ గచ్చిబౌలికి తిరిగొచ్చింది. లీగ్‌లో రెండో స్థానం. సెమీస్‌లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ గోల్ లేకుండా ముగిసి, పెనాల్టీల్లో పోయింది. అప్పుడు చాలా బాధపడ్డాను గానీ, అసలు బాధ ఎట్లుంటదో 2023-24లో తెలిసింది. క్లబ్బు డబ్బు ఇబ్బందుల్లో పడింది. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 22 మ్యాచ్‌లలో ఒక్కటంటే ఒక్క గెలుపు. మిగిలిన కుర్రాళ్లు ప్రాణం పెట్టి ఆడి ఓడిపోతుంటే తిట్టడానికి కూడా మనసు రాలేదు.

ఆ సీజన్ ముగుస్తున్న 2024 ఏప్రిల్‌లోనే 'మైదాన్' సినిమా వచ్చింది. అజయ్ దేవ్‌గణ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గా వేశాడు. థియేటర్లో జనం చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం దాదా ప్రశ్న గుర్తొచ్చింది. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

*

రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. వృత్తి బడిపంతులు. కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్. ఆ ఏడు నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ టీమ్‌దే. డ్యూరాండ్ కప్పు 1950లో ఒకసారి, 1954లో ఇంకోసారి. కలకత్తా క్లబ్బులు దేశాన్ని ఏలుతున్న రోజుల్లో కానిస్టేబుళ్ల టీమ్ ఒకటి రైలెక్కిపోయి కప్పులు పట్టుకొచ్చేది.

అది క్లబ్బు కాదు, పోలీసు శాఖ. ఆటొచ్చిన పేదింటి పిల్లాడికి పోలీసులో కొలువు దొరికేది. నెలనెలా జీతం, వంటిమీద యూనిఫాం. టీమ్‌ని ఇంకో ఊరికి అమ్మడమన్న ఊహే అక్కడ కుదరదు.

రహీమ్ పద్ధతి బడిలో పుట్టింది. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, పాసులే ఇవ్వాలి అనే పోటీలు ఇంకొన్ని. వినడానికి పిల్లల ఆటల్లా ఉంటాయి. కుడికాలి వాటం పిల్లాడికి ఎడమకాలు కూడా అలవాటయ్యేదాకా ఆడించడమే కదా చదువు చెప్పడమంటే. బంతిని నేలమీదే ఉంచి పొట్టి పాసులతో ముందుకుపోయే హైదరాబాద్ ఆట అట్లా తయారైంది.

తులసీదాస్ బలరాం కథ నన్ను పట్టుకుంది. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లాడు. ప్రాక్టీసుకి అంతదూరం నుంచి రావాలి. సైకిల్ అద్దెకి రహీమ్ తన జేబులోంచి డబ్బులిచ్చేవారని బలరాం పెద్దయ్యాక చెప్పుకున్నారు. పాతబస్తీ నుంచి గచ్చిబౌలికి నేను పోసుకున్న పెట్రోలు గుర్తొచ్చి సిగ్గేసింది. నేను చూడ్డానికి పోయాను, ఆయన ఆడడానికి వచ్చేవారు.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో ఓడించింది. అప్పుడూ కోచ్ రహీమే. ఈ సంగతి అభిమానులు మరిచిపోకూడదు. పది గోల్స్ తిన్న కోచే నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ వెళ్లాడు. ఆ టీమ్‌లో తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం ఉన్నారు. అందరూ ఈ ఊళ్లో పుట్టినవాళ్లో, ఇక్కడ ఆడి పైకొచ్చినవాళ్లో. 1956 డిసెంబర్ 1న ఆస్ట్రేలియాని 4-2తో కొట్టారు. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా. ముందు గోల్ మనదే, కానీ 4-1తో ఓడిపోయాం. చివరికి నాలుగో స్థానం.

తేదీ చూడండి. సరిగ్గా నెల ముందు, నవంబర్ 1న, హైదరాబాద్ రాష్ట్రం అంతమై ఆంధ్రప్రదేశ్ పుట్టింది. మెల్‌బోర్న్‌లో మనవాళ్లు ఆడేనాటికి వాళ్ల రాష్ట్రమే పటంలో లేదు. అయినా 1956-57లోనూ, ఆ తర్వాతి ఏడూ సంతోష్ ట్రోఫీ 'హైదరాబాద్' పేరుతోనే గెలిచారు. కొన్నేళ్లకి సిటీ పోలీస్ పేరు కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. పేరు మారింది, రాష్ట్రం మారింది. ఆడే పిల్లలు ఇక్కడే ఉన్నారు కాబట్టి కప్పులు వస్తూనే ఉన్నాయి. 1965-66 సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కి వచ్చింది.

రహీమ్ అప్పటికి లేరు. క్యాన్సర్‌తోనే 1962లో జకార్తా వెళ్లి, ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించిన టీమ్‌ని నడిపించారు. 1963 జూన్ 11న పోయారు. అప్పటికి 53 ఏళ్లు.

*

ఇక్కడ ఆపేస్తే 'ఆ రోజులే వేరు' అనే వ్యాసం అవుతుంది. అది నిజం కాదు. ఆ రోజులు కూడా గట్టి పునాది మీద నిలబడలేదు. ఒక పంతులు, ఒక శాఖ ఇచ్చే కొలువులు, ఈ రెండే ఆధారం. పంతులు పోయాడు. కొలువుల కన్నా కలకత్తా క్లబ్బుల పిలుపు పెద్దదైంది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లారు. హబీబ్, నయీముద్దీన్ 1960లలో అటే పోయారు. నయీముద్దీన్ కెప్టెన్‌గా 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది. 1977లో పెలే కాస్మోస్ టీమ్‌తో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్లలో మన హబీబ్ ఒకరు. షబ్బీర్ అలీ పేరూ కలకత్తాలోనే మోగింది.

కాబట్టి మన ఊరి ఫుట్‌బాల్ ఊరు వదిలిపోవడం 2025లో మొదలైంది కాదు. అప్పుడు ఆటగాళ్లు పోయారు, ఇప్పుడు టీమే పోయింది. కలకత్తా పోయినా హబీబ్ 'హైదరాబాదీ హబీబే'. 2023 ఆగస్టు 15న ఆయన పోయింది కూడా ఈ ఊళ్లోనే. ఢిల్లీ పోయిన టీమ్‌ని మాత్రం ఎవరూ హైదరాబాదీ అనరు. అనడానికి అందులో మిగిలిందేమీ లేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. మా టీమ్ 2019లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎఫ్‌సీ పుణె సిటీ అనే క్లబ్బు మూతపడితే, లీగ్‌లో దాని స్థానం మనకొచ్చింది. "అప్నా టీమ్ ఆగయా" అని మేం అరుస్తున్నరోజు పుణెలో ఎవరింట్లోనో తలుపు వెనక ఒక జెర్సీ వేలాడుతూ ఉండి ఉంటుంది. వాళ్లమ్మా ఇదే అడిగి ఉంటుంది. వాళ్ల గురించి ఆరేళ్లలో నేను ఒక్కసారీ ఆలోచించలేదు. మనది పోతే అన్యాయం, మనకొస్తే అదృష్టం అనుకుంటే ఎట్లా?

*

మొన్న ఈ మాటలన్నీ దోస్తుకి చెప్తే వాడు విసుక్కున్నాడు. "తూ క్యా ప్రొఫెసర్ బన్‌గయా?" అని, కాసేపాగి తన లెక్క చెప్పాడు. అజీజ్‌నగర్‌లో శ్రీనిధి దక్కన్ ఉంది, ఐ-లీగ్‌లో రెండుసార్లు రెండో స్థానం తెచ్చుకుంది, అక్కడికి పోదామన్నాడు. "అదీ ఒకరి సొంతమే గదా, రేపు అమ్మేస్తే?" అన్నాను. "అమ్మేదాకా చూద్దాం. నీకేం పోతది?" అన్నాడు. నేను సంతోష్ ట్రోఫీ మాటెత్తాను. 2024 డిసెంబర్‌లో ఫైనల్ రౌండ్ మన దగ్గరే జరిగింది, తెలంగాణ కూడా ఆడింది. మేం పోలేదు. ఐఎస్‌ఎల్ కానిది మాకు ఫుట్‌బాల్‌లాగే కనపడలేదు ఆ రోజుల్లో.

మేం మాట్లాడుకుంటున్నది బర్కస్ మైదానం గట్టు మీద కూర్చుని. ఎదురుగా పన్నెండు పదమూడేళ్ల పిల్లలు ఆడుతున్నారు. సగం మందికి బూట్లు లేవు. ఒకడి వీపు మీద మెస్సి, ఇంకొకడి వీపు మీద రొనాల్డో. ఒక బక్కపిల్లాడు ప్రతి బంతీ కుడికాలికి మార్చుకుని తన్నాలని చూస్తూ ప్రతిసారీ పోగొట్టుకుంటున్నాడు. దోస్తు ఉండబట్టలేక లేచి, "బాయే పైర్ సే మార్ రే!" అని కేక వేశాడు. ఎడమకాలితో కొట్టరా అని. పిల్లాడు ఎడమకాలితోనే కొట్టాడు. బంతి గోల్‌కి చాలా దూరంగా పోయి రోడ్డు మీద పడింది. తెచ్చుకోవడానికి పరిగెత్తాడు.

"రేపు ఆదివారమేగా," అన్నాడు దోస్తు. "పొద్దున వస్తావా? వీళ్లకి ఎవరో ఒకరు చెప్పాలె."

అమ్మ అడిగినదానికి జవాబు దొరికింది. రేపు పొద్దున మైదానానికి అదే వేసుకుని పోతాను.