సముద్రం దాటిన బిడ్డకు ఏ చట్టం రక్ష?

పాడేరు: కన్నబిడ్డను తల్లిదండ్రులలో ఒకరే, రెండోవారి సమ్మతి లేకుండా దేశం దాటించి తీసుకుపోతే, వెనుక మిగిలినవారు ఏ న్యాయస్థానాన్ని ఆశ్రయించాలి? ప్రవాసాంధ్ర కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్త కాదు. చదువులు, ఉద్యోగాల నిమిత్తం మన్యం యువత సైతం కొండలు దిగి దూరప్రాంతాలకు తరలుతున్నందున అల్లూరి సీతారామరాజు జిల్లా వాసులకూ ఈ విషయంలో అవగాహన అవసరం. పైగా గిరిజన కుటుంబాల విషయంలో వర్తించే చట్టం కొంత భిన్నమైనది.

తిరుపతిలో పెళ్లి.. న్యూయార్క్‌లో ఉత్తర్వు

ఈ తరహా వివాదాలలో న్యాయవాదులు తరచూ ఉటంకించేది 'వి.రవిచంద్రన్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా' కేసు. ఆ దంపతుల వివాహం 2000 డిసెంబరులో తిరుపతిలో జరిగింది. 2002లో అమెరికాలో కుమారుడు జన్మించాడు. కాపురం నిలువలేదు. 2005లో విడాకులు మంజూరయ్యాయి. బిడ్డ సంరక్షణ ఇరువురికీ ఉమ్మడిగా ఉండేలా న్యూయార్క్ కుటుంబ న్యాయస్థానం 2007 జూన్ 18న ఉభయుల సమ్మతితోనే ఉత్తర్వు ఇచ్చింది. సరిగ్గా పది రోజులకు, జూన్ 28న, తల్లి బాలునితో భారత్ చేరుకున్నారు. తిరిగి వెళ్లలేదు.

తండ్రి సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. రెండేళ్లపాటు వివిధ రాష్ట్రాల పోలీసులు వెదికినా ఆచూకీ దొరకలేదు. చివరకు 2009 ఆగస్టులో న్యాయస్థానం బాధ్యతను సీబీఐకి అప్పగించగా, అక్టోబరులో తల్లీబిడ్డలు చెన్నైలో కనిపించారు. ఈలోగా ఆ బాలుని చదువు ఒక చోట సాగలేదు. దెహ్రాదూన్‌లో ఒక పాఠశాలలో చేర్చి కొద్ది నెలలకే మాన్పించారు, తర్వాత చెన్నైలో మరొక పాఠశాల. అయిదేళ్ల ప్రాయంలో వచ్చిన పిల్లవానికి ఏడేళ్లు నిండాయి. పెద్దల వ్యాజ్యం ఎవరి పక్షాన తేలినా ఆ రెండేళ్లను తిరిగి ఇవ్వగల ఉత్తర్వు ఏదీ లేదు.

2009 నవంబరు 17న న్యాయమూర్తులు తరుణ్ ఛటర్జీ, ఆర్.ఎం.లోధా, బి.ఎస్.చౌహాన్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. బాలుని సంరక్షణను నిర్ణయించవలసింది అమెరికా న్యాయస్థానమేనని, తల్లి స్వయంగా 15 రోజుల్లో బిడ్డను అక్కడికి తీసుకువెళ్లాలని ఆదేశించింది. ఆమె ప్రయాణ వ్యయం, అక్కడి వసతి తండ్రి భరించాలని, ఆమెపై క్రిమినల్ చర్యలకు పట్టుబట్టరాదని షరతులు విధించింది. అలా వెళ్లని పక్షంలో బిడ్డను తండ్రికి అప్పగించాలని పేర్కొంది.

తీర్పులన్నీ ఒక తీరున లేవు

విదేశీ ఉత్తర్వు చేతిలో ఉంటే చాలు, బిడ్డ తిరిగి దక్కుతుందని భావించరాదు. 2017 జూలై 3న నిత్యా ఆనంద్ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు, బాలికను బ్రిటన్‌కు పంపాలన్న ఢిల్లీ హైకోర్టు ఆదేశాన్ని రద్దు చేసి, తల్లి వద్దనే ఉంచింది. బాలికకు హృదయ సంబంధ వ్యాధి ఉండటం కూడా పరిగణనకు వచ్చింది. విదేశీ న్యాయస్థానపు ఉత్తర్వు పరిశీలించదగిన అంశాలలో ఒకటి మాత్రమేనని, బిడ్డ శ్రేయస్సే అన్నింటికన్నా మిన్న అని ధర్మాసనం తేల్చింది.

హైదరాబాద్ కుటుంబ న్యాయస్థానం దాకా వచ్చిన మరో తెలుగు దంపతుల వ్యాజ్యంలో 2019 మార్చి 15న తీర్పు మళ్లీ అటువైపు మొగ్గింది. ఆ తల్లి పెన్సిల్వేనియాలో తానే విడాకుల దావా వేసి, ఆ తర్వాత ఇద్దరు బిడ్డలతో హైదరాబాద్ వచ్చి ఇక్కడా సంరక్షణ కోరారు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మైనరు సాధారణంగా నివసించే ప్రాంతపు న్యాయస్థానానికే విచారణాధికారం. బిడ్డలు అమెరికాలో పుట్టి పెరిగినందున ఆ అధికారం హైదరాబాద్‌కు లేదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఒడంబడికలో చేరని భారత్

ఈ అనిశ్చితికి ఒక మూలం ఉంది. బిడ్డను అక్రమంగా తరలిస్తే తొలుత స్వస్థల దేశానికి పంపి, సంరక్షణ వివాదాన్ని అక్కడే తేల్చుకోవాలన్నది 1980 అక్టోబరు 25న కుదిరిన హేగ్ ఒడంబడిక సారాంశం. వందకు పైగా దేశాలు ఇందులో చేరాయి. చాలాకాలం దూరంగా ఉన్న జపాన్ 2014లో చేరింది. భారత్ చేరలేదు. చేరాలని లా కమిషన్ 2009లో తన 218వ నివేదికలో సిఫారసు చేసింది. 2016లో ముసాయిదా బిల్లు వచ్చింది, 2018లో జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ నివేదిక సమర్పించింది. గృహహింస తాళలేక బిడ్డతో పుట్టింటికి చేరే స్త్రీని ఈ ఒడంబడిక నేరస్థురాలిగా చూపుతుందన్నది ప్రధాన అభ్యంతరం. ఆ వాదనను తేలికగా కొట్టివేయరాదు. బిడ్డకు తీవ్ర ప్రమాదం ఉంటే పంపనక్కరలేదన్న మినహాయింపు 13వ అధికరణంలో ఉన్నా, పరాయి దేశంలో ఒంటరి స్త్రీ దానిని రుజువు చేయడం సులభం కాదు.

మన్యంలో పరిస్థితి

హిందూ వివాహ చట్టం 2(2) సెక్షన్, హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 3(2) సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టాలు షెడ్యూల్డు తెగలకు వర్తించవు. అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి వద్దే ఉండాలన్న నియమం ఆ రెండో చట్టంలోనిదే. గిరిజన కుటుంబాలలో ఆచారం, కులపెద్దల పంచాయితీ నిర్ణయాలే ఎక్కువగా నడుస్తాయి. విదేశీ న్యాయస్థానం మాత్రం కాగితం అడుగుతుంది. ఆచారం ప్రకారం జరిగిన పెళ్లినైనా 2002 నాటి రాష్ట్ర నిర్బంధ వివాహ నమోదు చట్టం కింద నమోదు చేయించుకోవడం, బిడ్డ జనన ధ్రువపత్రంలో ఇరువురి పేర్లూ ఉండేలా చూసుకోవడం అందుకే ముఖ్యం.

ఏజెన్సీలో సివిల్ వివాదాల విచారణకు 1924లోనే ప్రత్యేక నిబంధనలు ఏర్పడ్డాయి. కనుక సంరక్షణ దరఖాస్తు ఎక్కడ వేయాలన్నది న్యాయవాదితో ముందుగా తేల్చుకోవలసిన విషయం. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్‌కు ఈ చిక్కు లేదు.

తరలింపు జరగవచ్చన్న అనుమానం కలిగితే జాప్యం తగదు. 1890 చట్టం 12వ సెక్షన్ కింద మధ్యంతర రక్షణ కోరవచ్చు. న్యాయస్థానం నియమించిన సంరక్షకుడు అనుమతి లేనిదే మైనరును దాని పరిధి దాటించరాదని 26వ సెక్షన్ చెబుతోంది. వివాదం నడుస్తున్నదని విశాఖపట్నంలోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయానికి లిఖితపూర్వకంగా తెలపడమూ మేలు. బిడ్డ అప్పటికే విదేశంలో ఉంటే విదేశాంగ శాఖవారి 'మదద్' ద్వారా ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి ఫిర్యాదు పంపవచ్చు.

ఖర్చుకు వెరచి వెనుకాడనవసరం లేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. గిరిజన తండ్రికి కూడా ఈ హక్కు ఉంది. తెల్లకాగితంపై దరఖాస్తు రాసి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఇస్తే న్యాయవాదిని నియమిస్తారు.