సుద్దాల హనుమంతు: నల్లగొండ పల్లెల పాట

నిజాము ప్రభుత్వకాలమున నల్లగొండ సీమలో దొరల గడీలను ఆశ్రయించి వెట్టిచాకిరి తరతరములుగా సాగుచుండెను. రాజభాష ఉర్దూయై, తెలుగు బడులు అరుదై, పత్రిక చదువగలవారు ఊరికొకరైనను లేని ఆ దినములలో, జనుల దుఃఖమును జనుల మాటలలోనే తెలిపి, దాని కారణమును విప్పిచెప్పగల సాధనము పాట యొక్కటియే. ఆ సాధనమును సమర్థముగా ప్రయోగించినవారిలో సుద్దాల హనుమంతు అగ్రగణ్యుడు.

పాలడుగు గ్రామమున నేతపనివారి యింట జన్మించిన హనుమంతు, సుద్దాలలో స్థిరపడి, ఆ యూరి పేరుతోనే ప్రసిద్ధుడయ్యెను. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్ర మహాసభ సమావేశము జరిగిన పిమ్మట, పల్లెజనులు ‘సంగం’ అని పిలుచుకొనిన ఆ సంస్థ మారుమూలలకు వ్యాపించుచుండగా, అతడు ఊరూర పాడుచు జనమును కూడగట్టెను. గొంగడి కప్పి, కర్ర పూని, వంతల ప్రశ్నలతో హాస్యముతో నడచు గొల్లసుద్దులను, బుర్రకథను అతడు చేపట్టి, చిరపరిచితమైన ఆ రూపములలోనే వెట్టి కథను వినిపించెను.

‘పల్లెటూరి పిల్లగాడ’ అను పాట అతని కీర్తికి మూలము. చలికాగని చినిగిన అంగీపై గోనెపట్ట కప్పుకొని, తాటిజెగ్గల జోడు తొడిగి, ముండ్లబాటలో పసులవెంట నడచు పసిజీతగానిని కవి అందులో ఆదరముతో పలుకరించును. నెలకు కుంచెడు ధాన్యము జీతము. అందును తాలు కలియును, కొలతయు తగ్గును. ఆవేశవాక్య మొక్కటియు లేకుండ, తల్లి బిడ్డ నడిగినట్లు ప్రశ్నలు వేయుచు, దొరతనపు లెక్కనంతయు ఆ పాట బయటపెట్టినది.

1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటమున ఇట్టి పాటలు, బండి యాదగిరి అను మరియొక కవి పాటతో గూడ, జనుల నాలుకలపై నిలిచెను. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వమున నిర్మితమైన ‘మా భూమి’ చిత్రము ‘పల్లెటూరి పిల్లగాడ’ను, యాదగిరి పాటను తరువాతి తరమునకు అందించినది. 1982లో హనుమంతు దివంగతుడయ్యెను. అతని కుమారుడు అశోక్ తేజ 2003 సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారమును గీతరచనకు అందుకొనెను.

నల్లగొండ చరిత్ర వ్రాయబూనువారు సర్కారు దస్త్రములతోబాటు ఈ పాటలను సాక్ష్యముగా స్వీకరింపవలెను. ఏలయన జీతగాని పక్షమున పలికిన సాక్ష్యము దస్త్రములలో దుర్లభము. అచ్చులో మాటలే నిలుచును గాని బాణీ నిలువదు. కావున, ఆ పాటలను పెద్దలనుండి విని నేర్చినవారు పల్లెలలో నున్నప్పుడే వారి గొంతులను రికార్డు చేసి భద్రపరచుట నేటి యువకుల కర్తవ్యము.