జాడ తీయు విద్య: చౌకీదారు నుండి సెల్‌ఫోను వరకు

ఒక మనుష్యుడు ఎక్కడికి పోవుచున్నాడో, ఎవరి ఇంట ఆగుచున్నాడో నిత్యము కనిపెట్టి యుండుట పూర్వము మిక్కిలి శ్రమతో కూడిన పని. ఒక్కని కొరకు పలువురు తిరుగవలసి యుండెను. ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనలలో ఇందుకొక పద్ధతి ఉండెడిది. అనుమానితుని ఇంటి చుట్టు రహస్యముగ కాపు వేయుట, రాత్రులు ఇంటికి పోయి చూచుట, అతడు ఊరు విడిచినచో కానిస్టేబులో చౌకీదారో పైవారికి తెలుపుట మున్నగునవి అందలి అంశములు.

ఖరక్ సింగ్ అనునతడు దోపిడి కేసులో సాక్ష్యము లేక విడువబడెను. అయినను అతనిపై ఈ నిఘా సాగినది. అతడు సుప్రీంకోర్టు నాశ్రయించెను. రాత్రివేళ ఇంటికి పోవుట మాత్రము చెల్లదనియు, తక్కిన నిఘా చెల్లుననియు 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులలో అధిక సంఖ్యాకులు తీర్పు చెప్పిరి. గోప్యత మన రాజ్యాంగము హామీ ఇచ్చిన హక్కు కాదని కూడ వారనిరి. రాజమహేంద్రవరమువారైన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి విభేదించిరి. కాళ్ళకు సంకెళ్ళు లేనంత మాత్రమున సంచార స్వేచ్ఛ ఉన్నట్లు కాదనియు, వెన్నంటి చూచు కన్ను ఉన్నచో మనుష్యుడు స్వేచ్ఛగా మెలగజాలడనియు వారి వాదము.

నేడు ఆ కన్ను పని చాలవరకు మన జేబులోని ఫోను చేయుచున్నది. అదెట్లు?

సెల్‌ఫోను భావన 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టినది. ప్రదేశమును చిన్న చిన్న గదులుగ విభజించి, గదికొక టవరు నిలుపుట దీని మూలసూత్రము. మనకు రావలసిన పిలుపు ఏ టవరు ద్వారా పంపవలెనో కంపెనీకి తెలియవలెను గదా! అందుచేత ఫోను తానున్న చోటును అప్పుడప్పుడు టవరునకు తెలుపుచుండును. ఇది లోపము కాదు. ఇది లేనిదే ఫోను మ్రోగదు.

రెండవ సాధనము జి.పి.ఎస్. దీని తొలి ఉపగ్రహమును అమెరికా 1978లో ప్రయోగించెను. ఉపగ్రహము మనలను చూచుచున్నదని పలువురు తలచెదరు. అది సరికాదు. అది కాలసంకేతములను ప్రసారము చేయును, అంతే. కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు చేరిన వేళలను బట్టి ఫోనే తన స్థానమును లెక్కకట్టుకొనును. ఆ లెక్కను ఇతరులకు పంపునవి ఫోనులోని యాప్‌లు. సామాన్యుల వాడుకకు వదలిన సంకేతములలో బుద్ధిపూర్వకముగ కలిపిన దోషమును 2000 మే నెలలో తొలగించిరి. అటుపిమ్మట ఈ లెక్క మరింత సూక్ష్మమయ్యెను.

పేర్లు తీసివేసినచో ప్రమాదము లేదందురా? 15 లక్షల మంది ఫోను జాడలను 15 నెలలపాటు పరిశీలించిన శాస్త్రజ్ఞుల ఫలితములు 2013లో వెలువడినవి. ఒకడు ఏ గంటకు ఏ టవరు చెంత ఉండెనో నాలుగు పర్యాయములు తెలిసిన చాలును, నూటికి 95 మందిని తక్కినవారి నుండి వేరుపరుపవచ్చునట! ఒకే ఇంటినుండి బయలుదేరి ఒకే పాఠశాలకు, ఒకే వైద్యునికడకు, ఒకే గుడికి పోవువారు ఎందరుందురు?

అమెరికాలో ఒక కేసులో పోలీసులు న్యాయస్థానపు వారంటు లేకయే 127 దినముల జాడలను, అనగా 12,898 స్థానములను, కంపెనీలనుండి తీసికొనిరి. అట్టి వివరములకు సాధారణముగ వారంటు అవసరమని ఆ దేశపు సుప్రీంకోర్టు 2018లో నిర్ణయించెను.

మన దేశమున 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. గోప్యతను నిరాకరించిన 1962 నాటి మాట అంతటితో రద్దయ్యెను. 55 సంవత్సరముల తరువాత సుబ్బారావుగారి పక్షమే నిలిచినది. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో ఒక చట్టము కూడ వచ్చెను.

చట్టము ఉన్నను మన జాగ్రత్త మనకుండవలెను. ఫోనులోని అమరికలు తెరచి, స్థానము తెలిసికొను అనుమతి ఏ యే యాప్‌లకు ఇచ్చితిమో విద్యార్థులు పరిశీలింపవలెను. టార్చిలైటు వెలిగించు యాప్‌నకు మన ఊరి పేరుతో పనియేమి? అక్కరలేని అనుమతులు తీసివేయవచ్చును. టవరునకు చేరు జాడ మాత్రము ఫోను పనిచేయుచున్నంతవరకు ఆగదు. దానిని ఎవరు, ఎప్పుడు, ఎవరి ఆజ్ఞతో చూడవచ్చునన్నది చట్టము తేల్చవలసిన ప్రశ్న. పౌరులు అడుగవలసిన ప్రశ్న.