మారుమని అడుగుట యెట్లు?



పెండ్లియైన నాటినుండి భర్త భార్యను, భార్య భర్తను మార్చవలెనని చూచుట లోకములో ఉన్నదే. కోరిన మార్పు మంచిదే కావచ్చును. అడిగిన తీరు కూడ మంచిదేనా? గాంధీగారి కాపురములోని రెండు సంగతులు దీనికి జవాబు చెప్పుచున్నవి. ఆ రెంటిని ఆయనయే తన ఆత్మకథలో దాచక వ్రాసెను.

మొదటిది 1898లో దక్షిణాఫ్రికాలోని డర్బనులో జరిగినది. ఆయన వకీలుగా ఉండగా గుమాస్తాలు ఆయన యింటనే ఉండిరి. గదులలో నీరు పోవు దారి లేనందున మూత్రపాత్రలు ఉంచెడివారు. క్రొత్తగా వచ్చిన గుమాస్తా యొకడు పంచముల యింట పుట్టిన క్రైస్తవుడు. అతని పాత్రను ఇంటివారే ఎత్తవలసివచ్చెను. తక్కినవారి పాత్రలను ఎత్తిన కస్తూరిబాయికి ఇది కష్టమాయెను. ఆమె కన్నీరు కార్చుచు పాత్ర పట్టుకొని మెట్లు దిగెను. ఎత్తుట చాలదు, సంతోషముతో ఎత్తవలెనని భర్త పట్టుబట్టెను. మాట పెరిగెను. ఆయన ఆమె చేయిపట్టి ఈడ్చుకొనిపోయి, బయటికి నెట్టుటకు గేటు తెరచెను. నావారెవరును లేని ఈ దేశములో నేనెక్కడికి పోవలెను, మీకు సిగ్గు లేదా అని ఆమె ఏడ్చుచు అడిగెను. ఆయన సిగ్గుపడి గేటు మూసెను.

ఇక్కడ జాగ్రత్తగా చూడుడి. ఏ మనుష్యుని పాత్రయు అంటరానిది కాదనుట న్యాయమే. మన సంఘములలో అనేకుల తాతలు ఆ అవమానమును ఎరిగినవారే. అయినను ఒకని గౌరవము నిలుపుటకు మరియొకతె గౌరవమును వీధిలోనికి నెట్టుట న్యాయము కాదు. పని చేయుమని ఆజ్ఞాపింపవచ్చును గాని, సంతోషించుమని ఆజ్ఞాపింప వీలులేదు.

రెండవది దాదాపు పదేండ్లకు, ఆ దేశములోనే జరిగినది. కస్తూరిబాయి రక్తస్రావముతో బాధపడుచుండగా, ఉప్పు పప్పు మానుమని ఆయన బ్రతిమాలెను. మీకు చెప్పినయెడల మీరైనను మానలేరని ఆమె అనెను. ఆయన కోపపడలేదు. నీవు మానినను మానకున్నను, నేను ఒక యేడాది రెండును మానెదనని అప్పుడే చెప్పెను. ఆమె తల్లడిల్లి, నేను మానెదను, మీ ఒట్టు తీసివేయుడని వేడుకొనెను. ఆయన తీసివేయలేదు. ఎంత మొండివారని ఆమె ఏడ్చెను.

ఈ రెండవ దానిలోను కొంత ఒత్తిడి లేకపోలేదు. ఆమె కన్నీరే సాక్ష్యము. అయినను ఈసారి భారము మొదట అడిగినవాని మీదనే పడెను. ఏ గేటును తెరువబడలేదు.

గనుక సహోదరులారా, సహోదరీలారా, మారుమని అడుగుటకు ముందు ఆ భారములో మన పాలెంతయో చూచుకొందము. అడిగిన తరువాత కాదనుటకు ఎదుటివారికి చోటిత్తము. మనలను ఎవరైన అడిగినప్పుడు కస్తూరిబాయివలె ఉన్న మాట చెప్పుదము. ఆమె మాటయే ఆనాడు గేటును మూయించెను.