సిగ్నల్ అందాక నిర్ణయం ఎవరిది?

ధవళేశ్వరం బ్యారేజీ వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి, 13.75 అడుగులకు రెండో, 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ అవుతుంది. హెచ్చరిక తెలిపేది స్థాయిని మాత్రమే. పశువులను గట్టుకు తోలాలా, ఊరే ఖాళీ చేయాలా అన్నది కోనసీమలోని ఒక్కో లంక మెరకపల్లాలను బట్టి తేలుతుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో మొదలుపెట్టిన యూనిక్స్‌లోనూ హెచ్చరిక, స్పందన ఇలాగే వేర్వేరు. నడుస్తున్న ప్రోగ్రాముకు అందే ఈ అంకె రూపపు హెచ్చరికనే సిగ్నల్ అంటారు.

టెలిఫోన్ లైన్ల మీద కంప్యూటరును వాడిన ఆ కాలంలో లైను తెగితే 1వ సిగ్నల్ ‘హ్యాంగప్’, పని మధ్యలో ఆపమని మీట నొక్కితే 2వ సిగ్నల్ ‘ఇంటరప్ట్’ వెళ్లేవి. ముందస్తు ఏర్పాటు లేకపోతే ప్రోగ్రాము అక్కడితో ఆగిపోయేది. ప్రోగ్రాము రచయిత తలచుకుంటే సిగ్నల్‌ను పెడచెవిన పెట్టించవచ్చు, లేదా ‘హ్యాండ్లర్’ అనే సొంత స్పందనను రాయవచ్చు. అయితే తొలినాళ్లలో హ్యాండ్లర్ ఒకసారి పనిచేయగానే పాత స్థితి తిరిగి వచ్చేది కనుక, దాన్ని మళ్లీ అమర్చేలోపు రెండో సిగ్నల్ వస్తే ప్రోగ్రాము కూలిపోయేది. ఈ లోపాన్ని 1983లో బర్క్‌లీ వారి యూనిక్స్ కూర్పు 4.2 బీఎస్‌డీ సరిదిద్దగా, 1988 నాటి పోసిక్స్ ప్రమాణం ఆ పద్ధతిని స్థిరపరచింది.

వాడుకరి చేతికి అధికారం వచ్చింది మరో దారిలో. పెడచెవిన పెట్టే గుణం ఒక ప్రోగ్రాము నుంచి అది ప్రారంభించే ప్రోగ్రాముకు సంక్రమిస్తుంది. ‘నోహప్’ ఆదేశం దీని ఆధారంగానే లైను తెగినా పనిని కొనసాగిస్తుంది. 1979 నాటి యూనిక్స్ ఏడో కూర్పులో వాడుకరి ఆదేశాలను నడిపే బోర్న్ షెల్ తన ‘ట్రాప్’ ఆదేశంతో, సిగ్నల్ అందినప్పుడు ఏ ఆదేశాలు నడవాలో స్క్రిప్టు (ఆదేశాల వరుస) రాసేవారికే వదిలింది. అయితే పుట్టుకతోనే పెడచెవిన పెట్టిన సిగ్నల్‌ను స్క్రిప్టులోని ట్రాప్ మళ్లీ తెరవలేదు. ఆ కొరతను 2019లో గ్నూ ప్రాథమిక ఆదేశాల సంకలనం కోర్‌యుటిల్స్ 8.31 తీర్చింది: ప్రోగ్రాము ప్రారంభానికి ముందే ఏ సిగ్నల్‌ను వదిలేయాలో, దేన్ని సహజ స్థితికి తేవాలో ‘ఎన్వ్’ ఆదేశానికి చెప్పవచ్చు.

ఈ స్వేచ్ఛకు రెండు హద్దులున్నాయి. బయటినుంచి వాడుకరి సిగ్నల్‌ను మూయగలడు, తెరవగలడు గాని ప్రోగ్రాములో లేని హ్యాండ్లర్‌ను సృష్టించలేడు. ఇక 9వ సిగ్నల్ ‘కిల్’ను రచయితా, వాడుకరీ ఎవరూ అడ్డుకోలేరు. ఆ మినహాయింపు లేకపోతే, ఏ మాటా వినని ప్రోగ్రామును ఆపే మార్గమే వ్యవస్థకు మిగలదు.